ఇసో తెచ్చిన మూట

కనోకు ఒకటే కొరత. ఆరేళ్లుగా గురువు ఎషిన్ దగ్గర నేత నేర్చుకుంటోంది. ఈ ఆరేళ్లలో ఆవిడ నోటి వెంట "బాగుంది" అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు.

పోనీ తిట్టిందా అంటే తిట్టనూ లేదు. కనో తను నేసిన గుడ్డ తెచ్చి ముందు పెడితే, ఎషిన్ దాన్ని తిరగేసి చూసేది. రెండు చేతుల మీద వేసుకుని బరువు చూసేది. ఒకసారి చెంపకు ఆనించుకునేది. "సరే, మడతపెట్టు" అనేది. అంతే.

జపాన్‌లో ఉత్తరపు కొసన, సముద్రానికి ఎదురుగా ఉన్న జాలరి పల్లె అది. పల్లెకు పైన గుట్ట, గుట్ట మీద చిన్న ఆశ్రమం. అందులో ఉండేది ఇద్దరే. డెబ్బై దాటిన సన్యాసిని ఎషిన్, ఆవిడ శిష్యురాలు కనో.

ఆ చలి నేలలో పత్తి పండదు. జనుము పండుతుంది. జనపనార బట్ట గట్టిదే కానీ గాలిని ఆపలేదు. అందుకని దక్షిణాది పట్టణాల్లో జనం కట్టి కట్టి వదిలేసిన పాత నూలు బట్టలు వేసవిలో ఓడల మీద వచ్చేవి. పల్లెలో ఆడవాళ్లు వాటిని కొనుక్కుని, ఉతుక్కుని, కుట్టుకుని, అతుకు మీద అతుకు వేసుకుని, ఇక సూది దిగే చోటు లేదనేదాకా కట్టుకునేవాళ్లు. ఆ తరువాత మూటకట్టి గుట్ట ఎక్కించేవాళ్లు.

ఎషిన్ ఆ గుడ్డలను వేలెడు వెడల్పు పేలికలుగా చింపేది. జనపనార పడుగు కట్టి, ఆ పేలికలను పేకగా వేసి నేసేది. ప్రతి పేలికనూ చెక్కబద్దతో గట్టిగా కొట్టి దించేది. అలా నేసిన గుడ్డ దళసరిగా, బరువుగా ఉండేది. సముద్రపు గాలి దానిలోకి దూరేది కాదు. ఆ గుడ్డతో కుట్టిన కోటు లేకుండా చలికాలంలో పడవెక్కే మగవాడు ఆ పల్లెలో లేడు.

ఏ ఇంటి మూట ఆ ఇంటికే గుడ్డయి తిరిగి వెళ్లేది. అది ఎవరో పెట్టిన నియమం కాదు. అందుకే ఎవరూ పైకి చెప్పేవాళ్లూ కాదు.

ఎషిన్ చేతికి ఏ పేలిక వస్తే అది వేసి నేసేది. కనో అలా కాదు. ముందు పేలికలన్నీ చాప మీద పరిచేది. లేత రంగులు ఒక పక్క, ముదురువి ఒక పక్క. ఏది దేని పక్కన పడితే రెండూ వెలుగుతాయో ఆమె కంటికి తెలిసిపోయేది. కనో నేసిన గుడ్డ చూసి పల్లె ఆడవాళ్లు "ఇవి మా ఇంటి పాతగుడ్డలేనా?" అని నోరు వెళ్లబెట్టేవాళ్లు.

ఆ మాట ఓడల షావుకారు దాకా వెళ్లింది. ఒకరోజు ఆయన గుమాస్తా గుట్టెక్కి వచ్చాడు.

"షావుకారుగారికి కుంపటి మీద చెక్క చట్రం పెట్టి దాని పైన పరిచే దుప్పటి ఒకటి కావాలట. కోట ఉన్న పట్టణంలో పెద్ద నేతశాల ఉంది కదా, అక్కడి పెద్దకు చూపిస్తారట. ఆయనకు నచ్చితే మిమ్మల్ని అక్కడికి పిలిపిస్తారు" అన్నాడు. "మంచు పడకముందు ఆఖరి ఓడ వెళుతుంది. ఆ ఓడకు అందించాలి."

కనో చేతిలోని పని పక్కన పెట్టేసింది. నేతశాలలో ముప్పై మగ్గాలు ఉంటాయని విన్నది. అక్కడి పెద్ద ఒక గుడ్డను చూసి తల ఊపితే చాలు, నేసినవాళ్ల పేరు దక్షిణం దాకా వెళుతుందని కూడా విన్నది.

ఆ సాయంత్రం ఎషిన్‌ను అడిగింది. "అమ్మా, నేయమంటావా?"

"నేయి."

"నేను నేతశాలకు తగినదాన్నేనా?"

ఎషిన్ ఉడుకుతున్న ముల్లంగి ముక్కను పుల్లతో గుచ్చి చూసింది. "ఇంకా ఉడకలేదు" అంది. ముల్లంగి గురించో తన గురించో కనోకు తెలియలేదు. ఆ రాత్రి ఆమె సరిగ్గా తినలేదు.

*

దుప్పటి కోసం షావుకారు ఇంటి నుంచి మంచి మంచి నీలం గుడ్డలు వచ్చాయి. కనో వాటిని పదహారు ఛాయలుగా వేరు చేసింది. తీరం దగ్గరి పలచని నీలంతో మొదలై, పోను పోను లోతు సముద్రంలా చిక్కబడేలా నేయాలని అనుకుంది. పడుగు కట్టింది. మూడోవంతు నేసింది. బాగానే ఉంది. కానీ గది గుమ్మం దగ్గర నిలబడి చూస్తే ఏదో తక్కువైంది.

ఎరుపు కావాలి. రెండు వేళ్ల మందాన ఒక గీత పడితే చాలు, ఆ నీలమంతా లేచి నిలబడుతుంది.

ఆ పల్లెలో ఎరుపు ఎక్కడిది? పెద్దవాళ్లందరూ కట్టేది నీలం, బూడిద, గోధుమ. కుసుమపూల ఎరుపు పసిపిల్లల ఒంటి మీదే కనిపిస్తుంది. ఆ బట్ట ఒక పిల్ల నుంచి ఇంకో పిల్లకు వెళుతుందే తప్ప మూటలోకి రాదు.

ఆ వారంలోనే ఇసో వచ్చింది. ఇసో భర్త కిసుకే జాలరి. ఆమెకు ముప్పై అయిదు ఉంటాయి, మాట తక్కువ. మూట తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది. పెట్టి వెంటనే వెళ్లలేదు, అక్కడే నిలబడింది.

కనో పడుగు పోగులు లెక్కపెట్టుకుంటోంది. తలెత్తకుండానే, "కోటుకా అక్కా?" అని అడిగింది.

"అవును కనోగారూ. ఆయనకు. ఈసారి చలి ముందే వచ్చేట్టుంది."

"పది రోజుల్లో ఇస్తాను."

ఇసో ఇంకా కాసేపు నిలబడి, వంగి నమస్కారం పెట్టి వెళ్లిపోయింది.

సాయంత్రం కనో మూట విప్పింది. మాసిన నీలం, బూడిద, మోకాళ్ల దగ్గర చిల్లులు పడ్డ గోధుమరంగు. అడుగున కాగితంలో విడిగా చుట్టి ఏదో ఉంది. కాగితం తీసింది. పసిపిల్లలకు చలికాలంలో తొడిగే చేతుల్లేని చొక్కా. పొడవు రెండు జానలు కూడా లేదు. ఎర్రనిది.

దీన్ని విడిగా ఎందుకు చుట్టిందో అని కనో ఒక్క క్షణం అనుకుంది. ఆ తరువాత చొక్కాను కిటికీ వెలుతురులో పట్టుకుని చూసింది. ఎన్నోసార్లు ఉతికిన ఎరుపు. మంట ఆరిపోయి నిప్పుకణం మిగిలినట్టు మెత్తగా వెలుగుతోంది. తనకు కావలసింది ఇదే. మనసులో వచ్చిన ప్రశ్న ఎటు పోయిందో పోయింది.

అంచుకు గాటు పెట్టి లాగితే సన్నని చప్పుడుతో చిరిగింది. పేలికలు ఒక చిన్న ఉండ అయ్యాయి. దానికి బదులుగా తన సొంత పాతబట్టల నీలంలోంచి మంచి పేలికలు తీసి ఇసో బుట్టలో వేసింది. ఈ పాత ఎరుపు కంటే అవి ఎంతో గట్టివి. కోటు ఇంకా ఎక్కువ కాలం మన్నుతుంది. ఇసోకు లాభమే అని సర్దుకుంది. నిజంగానే అలా నమ్మింది కూడా.

షావుకారు దుప్పటిలో ఎర్రగీత పడింది. గుమ్మం దగ్గర నిలబడి చూస్తే కనోకు ఒళ్లు పులకరించింది. ఇన్నేళ్లలో తను నేసినవాటిలో ఇంత అందమైనది లేదు.

*

చెప్పిన రోజుకు ఇసో వచ్చి తన గుడ్డ తీసుకుంది. అక్కడే విప్పి, అటూ ఇటూ తిప్పి, వేళ్లతో తడిమి చూసుకుంది. "చాలా గట్టిగా ఉంది" అని దణ్ణం పెట్టి వెళ్లింది.

రెండు రోజుల తరువాత మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. లోపలికి రాలేదు. గుమ్మం బయటే నిలబడి తలగుడ్డ కొసను వేలికి చుట్టుకుంటోంది.

"కనోగారూ, ఏమీ అనుకోకండి. ఎర్ర ముక్క ఏమైనా మిగిలిందా?"

పేలికను పడుగులోకి దూర్చే నాడె కనో చేతిలో ఆగింది. "ఎర్ర ముక్కా?"

"చిన్న చొక్కా ఒకటి పెట్టాను. కోటు కుట్టేటప్పుడు చూశాను, కనపడలేదు. పేలిక మిగిలిపోయిందేమో, తీసుకెళదామని."

కనో కూర్చున్న చోటు నుంచి ఎర్రగీత కనపడటం లేదు. నేసిన భాగమంతా నడుము దగ్గరి కర్రకు చుట్టుకుని ఉంది. గీత ఆ చుట్టల లోపల ఉంది.

"మిగల్లేదక్కా" అంది. "అన్నీ నేసేశాను. కొంచెమే కదా, మిగతావాటి అడుగుకు వెళ్లిపోయి ఉంటుంది. పేలికలు గట్టిగా కొడతాం కదా, కొన్ని లోపలికి దిగిపోతాయి. పైకి కనపడవు."

ఇసో మొహం విప్పారింది. అంతగా విప్పారుతుందని కనో అనుకోలేదు.

"లోపలే ఉందా?"

"లోపలే ఉంది."

"అయితే చాలు" అంది ఇసో. "కనపడకపోతే ఏం, ఉంది కదా. ఆయన రేపు పొద్దున బయలుదేరుతున్నాడు. చెబుతాను." మళ్లీ మళ్లీ వంగి నమస్కరించి, చలికి భుజాలు దగ్గరగా పెట్టుకుని గుట్ట దిగి వెళ్లింది.

గదిలో ఓ మూల ఎషిన్ జనపనార పోగులు అతుకుతోంది. పోగు కొసను నోట్లో తడుపుకుని, ఇంకో పోగుతో మెలిపెట్టి, బుట్టలోకి జారవిడుస్తోంది. ఆవిడ తలెత్తలేదు.

కనో మళ్లీ నేత మొదలుపెట్టింది. పొద్దుగూకే దాకా నేసింది. దుప్పటి పూర్తి కావడానికి ఇంక మూరెడే మిగిలింది. ఓడకు నాలుగు రోజులుంది.

*

పొద్దున్నే కనో నీళ్లు తెచ్చి మగ్గం గదిలోకి వచ్చేసరికి, ఎషిన్ ఆమె మగ్గంలో కూర్చుని ఉంది.

అది నేలమీద కూర్చుని నేసే మగ్గం. పట్టీ నడుముకు కట్టుకుని వెనక్కి వాలితేనే పడుగు బిగుస్తుంది. ఎషిన్ పట్టీ కట్టుకుని ఉంది. కానీ నేయడం లేదు. విప్పుతోంది. పేక పేలికను ఇటు నుంచి అటు లాగి, ఉండ చుట్టి, పక్కన పెట్టి, ఇంకోటి లాగుతోంది. ఆవిడ పక్కన అప్పటికే ఏడెనిమిది నీలం ఉండలు ఉన్నాయి.

కనో చేతిలోని కుండ జారబోయింది.

"అమ్మా! ఏం చేస్తున్నావు? అది షావుకారు దుప్పటి!"

"తెలుసు."

"మూడు రోజుల్లో ఓడ వెళ్లిపోతుంది!"

"వెళుతుంది" అంది ఎషిన్. ఇంకో పేలిక లాగింది.

"నేసింది బాగాలేదా? ఎక్కడ బాగాలేదు?"

ఎషిన్ గుడ్డ మీద వేలు పెట్టి చూపింది. "ఇదిగో. ఇక్కడి నుంచి వదులుగా ఉంది. నిన్న నీ బద్ద చప్పుడు మారింది. అప్పటిదాకా ఒకేలా కొట్టావు. ఆ తరువాత ఒక దెబ్బ గట్టిగా, ఒక దెబ్బ మెల్లగా. చూడు, వేలు దూరుతోంది. వదులైనంత వరకు విప్పుతున్నాను."

కనో చూసింది. నిజమే. ఆ చోట పేలికల మధ్య సందులున్నాయి. తను నేస్తున్నప్పుడు చూసుకోనే లేదు.

ఎషిన్ ఇంకో పది పేలికలు విప్పింది. నిన్న ఇసో వచ్చి గుమ్మం దగ్గర నిలబడినప్పుడు ఏ పేలిక చేతిలో ఉందో కనోకు గుర్తుంది. ఒక కొసన తెల్లచుక్క ఉన్న పేలిక. ఎషిన్ దాన్ని కూడా లాగింది. ఉండ చుట్టింది. అక్కడ ఆపింది.

నడుము పట్టీ విప్పుకుని, మోకాలు పట్టుకుని మెల్లగా లేచింది.

"నాకు తెలిసింది ఇంతవరకే" అంది. "దీని వెనక ఎక్కడిదాకా విప్పాలో నాకు తెలియదు."

కనో కుండ కింద పెట్టింది. "అమ్మా, నేను ఇసో..."

"నాకెందుకు చెబుతావు? మూట నాది కాదు కదా" అంది ఎషిన్. బియ్యం కడగడానికి వెళ్లిపోయింది.

*

కనో మగ్గంలో కూర్చుంది. పట్టీ కట్టుకుంది. వదులుగా ఉన్న భాగం పోయింది కాబట్టి మళ్లీ నేస్తే సరిపోతుంది. ఈసారి గట్టిగా కొడుతుంది. మూడు రోజుల్లో అయిపోతుంది, కష్టమేమీ కాదు.

నీలం పేలిక చుట్టిన నాడె చేతిలోకి తీసుకుంది. పడుగు మధ్యకు తెచ్చింది. అక్కడే ఆగిపోయింది.

అయితే చాలు, అన్న మాట చెవిలో వినిపించింది. ఇసో ఏడ్చినా, అరిచినా, ఎత్తిపొడిచినా కనో ఓర్చుకునేదేమో. ఆమె సంతోషపడి వెళ్లింది. ఇప్పుడు ఆ భర్త సముద్రం మీద తన కోటులో లేనిదాన్ని ఉందనుకుంటూ ఉంటాడు.

నాడె కింద పెట్టింది. గుడ్డ చివరి పేలిక కొస వెతికి, బయటికి లాగింది.

విప్పడం నేయడం కంటే కష్టం. గట్టిగా దించిన పేలిక సులువుగా రాదు. వేళ్లు ఒరుసుకుపోయాయి. నూగు ముక్కుల్లోకి పోయి తుమ్ములు. లోతు సముద్రం ముందు పోయింది. ఆ తరువాత మధ్య నీలం. నచ్చిన చోట్లు కంటి ముందే పేలికలైపోతుంటే ఒకటి రెండుసార్లు ఆమెకు ఏడుపొచ్చింది. చేతులు మాత్రం ఆపలేదు.

మూడో రోజు గుమాస్తా వచ్చాడు. మగ్గం మీద మూడోవంతు గుడ్డ, చుట్టూ నీలం ఉండలు చూసి తెల్లబోయాడు.

"ఇదేమిటి? మొన్న ఎవరో మూరెడే మిగిలిందన్నారే!"

"తప్పు జరిగింది. విప్పుతున్నాను."

"ఎక్కడ తప్పు? చిన్నదైతే షావుకారుగారు చూడరు. నేతశాల పెద్ద కూడా..."

"వాళ్లకు కనపడే తప్పు కాదండీ" అంది కనో. "ఈ ఓడకు ఇవ్వలేను. షావుకారుగారిని క్షమించమని చెప్పండి. వాళ్ల నీలమంతా భద్రంగా ఉంది. చలికాలంలో మళ్లీ నేసి ఇస్తాను."

"చలికాలంలో నేస్తే ఎవరికి కావాలి? నేతశాలలో చోటు మీ కోసం కాచుకుని కూర్చుంటుందా?" గుమాస్తా విసుక్కున్నాడు. మంచివాడే, ఆమెకు మేలు జరగాలనే అతని కోరిక. చివరికి తల అడ్డంగా ఊపుకుంటూ దిగిపోయాడు.

సాయంత్రానికి ఎరుపు బయటపడింది. కనో ఆ పేలికలను ఒక్కొక్కటే లాగి, చేత్తో సాపు చేసి, ఉండ చుట్టింది. జడ కొసకు కట్టుకోవడానికైనా చాలని చిన్న ఉండ.

మర్నాడు ఆఖరి ఓడ తెరచాప ఎత్తి దక్షిణంగా వెళ్లింది. కనో గుట్ట దిగుతూ దాన్ని చూసింది. చూసి పల్లెవైపు తిరిగింది.

*

ఇసో ఇంటి ముందు కూర్చుని వల బాగుచేస్తోంది. కనోను చూసి లేవబోయింది. కనో ఆమె ముందు నేలమీద మోకాళ్ల మీద కూర్చుని, ఎర్ర ఉండను రెండు చేతులతో పట్టుకుని చాచింది.

"అక్కా, ఇది నీ కోటులో లేదు. నేను తీసుకున్నాను. షావుకారు దుప్పటిలో అందంగా ఉంటుందని వేసుకున్నాను. నువ్వు వచ్చి అడిగితే అబద్ధం చెప్పాను."

ఇసో వల పక్కన పెట్టి ఆ ఉండవైపు చూసింది. అందుకుంది. పేలిక కొసను బొటనవేలితో రుద్దింది.

"లోపల ఉందని ఆయనతో చెప్పాను" అంది. "పడవ ఎక్కేముందు కోటును ఇక్కడ ఇలా పట్టుకుని నవ్వాడు." గుండె దగ్గర తన బట్టను పిడికిలితో పట్టుకుని చూపించింది. ఆమె గొంతు పెరగలేదు. "చెప్పాల్సింది ఇంకేమైనా ఉందా?"

"లేదక్కా."

"అయితే వెళ్లు."

ఎప్పుడూ "కనోగారూ, మీరు" అనే మనిషి. కనో లేచి వచ్చేసింది. వెనక తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

ఆ తరువాత రెండు రోజులు గాలివాన. ఆశ్రమం చూరు కొట్టుకుపోతుందేమో అన్నంత గాలి. గుట్ట మీద నుంచి చూస్తే సముద్రం తెల్లగా లేస్తోంది. వెళ్లిన పడవలు ఒక్కటీ తిరిగి రాలేదు. కనో గుమ్మం దగ్గర కూర్చుని అటే చూస్తోంది. పొద్దున పెట్టిన గిన్నె అలాగే ఉంది.

ఎషిన్ వచ్చి గిన్నెను ఆమె ఒడిలో పెట్టింది.

"ఈ గాలి నువ్వు లేపింది కాదు" అంది. "నువ్వు చేసింది నువ్వు చేశావు. చేయనిది కూడా నెత్తిన వేసుకోకు. అన్నం తిను."

కనో తిన్నది. మూడో రోజు గాలి తగ్గింది. మధ్యాహ్నానికి పడవలు ఒకటొకటిగా వచ్చాయి. కనో గుమ్మంలో నిలబడి లెక్కపెట్టింది. ఏడు వెళ్లాయి. ఏడూ వచ్చాయి.

*

మొదటి మంచు పడ్డ నాడు ఇసో గుట్టెక్కి వచ్చింది. చంకలో కిసుకే కోటు, చేతిలో ఎర్ర ఉండ. గుమ్మం దగ్గర గడ్డిచెప్పులు విప్పి మంచు దులిపింది. ఈసారి లోపలికి వచ్చి కూర్చుంది.

"ఆయనకు చెప్పాను" అంది.

కనో తల వంచుకుంది. "ఏమన్నాడు?"

"కోటు విప్పి నా ఒళ్లో పెట్టాడు. తరువాత, పొరపాటు ఒప్పుకోవడానికి అంత దూరం దిగి వచ్చిందా, అన్నాడు. మంచు దట్టంగా పడకముందే వెళ్లు అన్నాడు." ఇసో ఉండను ఇద్దరి మధ్యా చాప మీద పెట్టింది. "దీన్ని ఏం చేద్దామంటావు?"

ఒక నెల కిందట అయితే కనో దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. ఎక్కడ పెడితే బాగుంటుందో, పక్కన ఏ నీలం పడాలో చెప్పేసేది. ఇప్పుడు ఆమె ఉండవైపు చూసింది, ఇసో వైపు చూసింది.

"ఎక్కడ ఉండాలో నువ్వే చెప్పక్కా."

ఇసో కోటును ఒళ్లో పరుచుకుంది. మెడపట్టీ మీద చెయ్యి వేసింది. "ఇక్కడ. మెడ చుట్టూ. ఆయన ఇంటికి వస్తే చాలు, పిల్ల మెడ పట్టుకుని వేలాడేది. దించితే ఒప్పుకునేది కాదు."

నాలుగు వేళ్ల వెడల్పు పట్టీకి కనో పడుగు కట్టింది. ఆ పూటంతా పట్టింది. ఇసో ఇంటికి వెళ్లలేదు, ఎషిన్ పక్కన కూర్చుని జనపనార అతికింది. పడుగు సిద్ధమయ్యాక కనో పేలికలను నాడెకు చుట్టి, మగ్గంలో కూర్చోబోయి ఆగింది. పక్కకు జరిగింది.

"అక్కా, నువ్వు కూర్చో."

"నేనా? నాకు చేపలు ఎండబెట్టడం వచ్చు, వల అల్లడం వచ్చు. ఇది రాదు."

"నేను పక్కనే ఉంటాను."

మగ్గం నడుము పట్టీని ఇసోకు కనోనే కట్టింది. పడుగు ఎత్తే తాడు పాదానికి తగిలించింది. కాలు లాగితే పోగులు ఎలా లేస్తాయో, నాడె ఎలా దూర్చాలో, బద్దతో ఎలా కొట్టాలో చూపించింది. మొదట బూడిదరంగు పేలికలు వేసింది ఇసో. చెయ్యి తడబడింది. ఒకసారి కాలు లాగడం మరిచిపోయింది. ఒకసారి నాడె జారి కనో ఒళ్లో పడింది. ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఎరుపు మొదలయ్యే చోట ఇసో చెయ్యి ఆగింది.

"దాని పేరు ఫుకి" అంది. "మంచు కింద నుంచి అన్నిటికంటే ముందు మొలుస్తుంది చూడు, ఆ మొక్క పేరు పెట్టుకున్నాం. మూడేళ్లు నిండాయి. దగ్గు వచ్చింది. పోయి తొమ్మిదేళ్లయింది." నాడెను దూర్చింది. "ఆ చొక్కాను ఎవరికీ ఇవ్వలేకపోయాను. ఎవరూ అడగకుండా దాచాను. ఈ ఏడాది ఆయనే అన్నాడు, పెట్టెలో చలిగా ఉంటుంది, నాతో తీసుకెళతాను, అని. ఆ రోజు నీకు చెబుదామనే గుమ్మంలో నిలబడ్డాను."

"నేను తలెత్తలేదు" అంది కనో.

"అవును. తలెత్తలేదు."

ఇసో బద్ద తీసుకుని కొట్టింది. ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా. మళ్లీ గట్టిగా. ఎరుపు కొంచెం కొంచెం పెరిగింది. ఒకచోట ఎక్కువ లాగడంతో అంచు లోపలికి పోయింది. ఇంకోచోట వదిలేయడంతో బయటికి ఉబ్బింది. కనో చేతులు రెండుసార్లు ముందుకు వెళ్లాయి. రెండుసార్లూ ఆమె వాటిని మోకాళ్ల మీదికి తెచ్చుకుంది.

బయట ఎషిన్ ఇసో దిగి వెళ్లడానికి దారిలో మంచు ఊడుస్తోంది.

మెడపట్టీ నేయడం అయిపోయింది. కనో పడుగు కోసి మగ్గం నుంచి విడదీసింది. ఇసో దాన్ని వెలుతురులో పట్టుకుని చూసుకుని, సిగ్గుపడింది.

"అంచంతా వంకరటింకరగా వచ్చింది. ఇంత అందంగా నేస్తావు నువ్వు. కొంచెం సరిచేసి పెడతావా?"

కనో పట్టీని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఒక కొస నుంచి రెండో కొస దాకా చూసింది. ఎక్కడ చెయ్యి ఆగిందో, ఎక్కడ నవ్విందో, ఎక్కడ కూతురి పేరు చెప్పిందో అన్నీ అంచులో తెలుస్తున్నాయి.

"ఇంతకంటే బాగా నాకు చేతకాదక్కా" అంది.

మడతపెట్టి ఆమె చేతుల్లో పెట్టింది.